ఫిల్మ్ వేసిన కిటికీ అద్దం ఎందుకు పగులుతుంది? అపోహలు - వాస్తవాలు

అపోహ: ఫిల్మ్ ఎండకు ముడుచుకుపోయి అద్దాన్ని లాగి పగలగొడుతుంది.

సన్ కంట్రోల్ ఫిల్మ్ (ఎండ వేడిని తగ్గించడానికి అద్దానికి అంటించే పలుచని ప్లాస్టిక్ పొర) వేయించిన కొద్దిరోజులకే అద్దం పగిలిన ఇళ్లలో మాకు ముందుగా వినిపించే మాట ఇదే. ఇళ్లకు వాడే ఫిల్మ్ మందం సాధారణంగా 50 మైక్రాన్ల (మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు) ప్రాంతంలో ఉంటుంది. 5 మిల్లీమీటర్ల అద్దాన్ని లాగి పగలగొట్టే బలం దానికి లేదు. అసలు కారణం వేడి. మామూలు తెల్ల అద్దం తన మీద పడిన ఎండలో కొద్ది భాగాన్నే పీల్చుకుంటుంది. వేడిని పీల్చే రకం ఫిల్మ్‌ను లోపలివైపు అంటిస్తే ఆ భాగం రెండు మూడు రెట్లు పెరగవచ్చు. అప్పుడు నడిమి భాగం వేడెక్కి వ్యాకోచిస్తుంది. ఫ్రేములో, గాస్కెట్ (అద్దం చుట్టూ బిగించే రబ్బరు పట్టీ) చాటున ఉన్న అంచు మాత్రం చల్లగానే ఉండి, నడిమి భాగంతో పాటు సాగలేక లాగుడు ఒత్తిడికి లోనవుతుంది. ఇలా పుట్టే ఒత్తిడి ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు 0.6 మెగాపాస్కల్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) వరకు ఉంటుంది. అంచులు బాగున్న మామూలు అద్దం దాదాపు 40 డిగ్రీల సెల్సియస్ తేడాను తట్టుకుంటుందని మా రంగంలో లెక్క వేసుకుంటాం. కోతలో అంచు పెచ్చులూడిన అద్దానికి ఆ హామీ ఉండదు. అందుకే ఫిల్మ్ షేడు ఎంచుకునే ముందు అంచులను పరిశీలించాలని నేను పట్టుబడతాను.

అపోహ: ముదురు రంగు ఫిల్మే ప్రమాదం, పారదర్శకంగా ఉన్నది సురక్షితం.

రంగు చెప్పేది కంటికి కనిపించే వెలుతురు సంగతి మాత్రమే. సూర్యశక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలదే కాబట్టి, వాటిని పీల్చుకునే లేత ఫిల్మ్, ఎండను తిప్పికొట్టే మెరుపు ఫిల్మ్ కన్నా అద్దాన్ని ఎక్కువగా వేడెక్కించవచ్చు. డీలరు దగ్గర స్పెసిఫికేషన్ షీట్ అడిగి, అందులో సౌరశక్తి శోషణ శాతం ఎంతో చూడండి.

అపోహ: మే నెల మధ్యాహ్నాలు దాటితే భయం లేదు.

పగులును నిర్ణయించేది ఎండ తీవ్రత ఒక్కటే కాదు, నడిమికీ అంచుకూ మధ్య ఉన్న తేడా. హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు కనుక దక్షిణపు కిటికీలపై ఎండ పెద్దగా పడదు. డిసెంబరులో మధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే ఉండి, ఆ కిటికీల మీదకు నేరుగా కాస్తాడు. రాత్రంతా చల్లబడిన ఫ్రేము, దాని మీదకు ఒక్కసారిగా వచ్చే తూర్పు ఎండ, అద్దంలో సగాన్నే కప్పే సన్‌షేడ్ నీడ, వెనుక ఆనుకుని ఉన్న మందపాటి పరదా, అద్దానికే తగిలే ఏసీ గాలి: వీటిలో రెండు మూడు ఒకేచోట కలిస్తే చలికాలపు ఉదయం కూడా అద్దం పగలవచ్చు.

అపోహ: ఏ అద్దానికైనా ఏ ఫిల్మ్ అయినా వేయవచ్చు.

టఫెండ్ గ్లాస్ (వేడి చేసి, వేగంగా చల్లార్చి గట్టిపరిచిన అద్దం) దాదాపు 200 డిగ్రీల తేడాను తట్టుకుంటుంది కాబట్టి అక్కడ ఈ భయం నామమాత్రమే. వైర్డ్ గ్లాస్ (లోపల తీగల వల ఉన్న అద్దం), రంగు అద్దం, డబుల్ గ్లేజింగ్ (మధ్యలో ఖాళీ వదిలి బిగించిన జంట అద్దాలు) విషయంలో మాత్రం తయారీదారు ఇచ్చే అనుకూలత పట్టిక చూడకుండా ముందుకు వెళ్లకూడదు. డబుల్ గ్లేజింగ్‌లో లోపలి అద్దానికి చేరిన వేడి, మధ్యనున్న గాలి పొర వల్ల బయటికి పోలేదు. అలాంటి చోట బయటివైపు వేసే ఫిల్మ్ తరచుగా మేలు.

ఇప్పటికే పగిలి ఉంటే, ముక్కలు తీయించే ముందు పగులు మొదలైన చోటును దగ్గరగా ఫొటో తీయండి. వేడి వల్ల వచ్చిన పగులు అంచుకు లంబంగా బయలుదేరి, కొంతదూరం పోయాక వంకర తిరుగుతుంది. దెబ్బ వల్ల వచ్చినవి తగిలిన చోటు నుంచి నలువైపులా విచ్చుకుంటాయి. మొదటి రకం అని తేలితే, కొత్త అద్దానికి అంచులు గ్రైండింగ్ చేయించి, లేదా టఫెండ్ గ్లాస్ పెట్టించి, ఆ తర్వాతే ఫిల్మ్ వేయించండి.