వాట్లు, వైర్లు, గది: హై-ఫైలో కొత్తవాళ్లకు ఉండే అపోహలు - వాస్తవాలు

హై-ఫైలోకి, అంటే ఇంట్లో పాటను అసలుకు దగ్గరగా వినిపించే సరంజామాలోకి, కొత్తగా దిగినవాళ్లు మొదట అడిగేది "ఏ ఆంప్ కొనాలి?" అని. (ఆంప్ అంటే సిగ్నల్‌ను పెంచి స్పీకర్‌ను మోగించే యాంప్లిఫయర్.) స్పీకర్ గోడకు ఎంత దూరంలో ఉందని తిరిగి అడిగితే తెల్లమొహం వేస్తారు. రెండో ప్రశ్నకు జవాబు తెలుసుకోవడానికి కొలత టేపు చాలు, పైసా ఖర్చు లేదు.

అపోహ: 100 వాట్ల ఆంప్ 50 వాట్లదానికి రెట్టింపు గట్టిగా మోగుతుంది.

వాస్తవం: వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్లే. చెవికి అది "కాస్త పెంచారు" అన్నంత. రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్లు పెరగాలి, అంటే వాట్లు పదింతలు కావాలి. అందుకే ముందు స్పీకర్ సెన్సిటివిటీ చూడండి, అంటే 1 వాట్ ఇస్తే 1 మీటరు దూరంలో అది ఎన్ని డెసిబెల్లు మోగుతుందో. 90 డెసిబెల్ల స్పీకర్ 50 వాట్లతో ఎంత మోగుతుందో, 84 డెసిబెల్ల స్పీకర్ అంతే మోగడానికి 200 వాట్లు తింటుంది.

అపోహ: చిన్న ఆంప్ పెడితే స్పీకర్‌కు ఢోకా లేదు.

వాస్తవం: శక్తికి మించి పెంచితే ఆంప్ తరంగం కొసలను కోసేస్తుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. అప్పుడు సగటు శక్తి పెరిగి, ట్వీటర్‌కు (సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్‌కు) వెళ్లే పాలు కూడా పెరిగి, దానిలోని సన్నని కాయిల్ కాలిపోతుంది. నాబ్ సగంలోనే ఉంది కదా అనుకోవద్దు. ఇన్‌పుట్ బలంగా ఉంటే సగంలోనే ఆంప్ పని అయిపోతుంది. గొంతు గరగరమన్న క్షణమే తగ్గించాలి.

అపోహ: ఖరీదైన స్పీకర్ వైరుతో శబ్దం తేటపడుతుంది.

వాస్తవం: లెక్క వేసి చూడండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 5 మీటర్లు లాగితే, పోనురాను కలిపి నిరోధం సుమారు 0.07 ఓమ్‌లు. 8 ఓమ్‌ల స్పీకర్ ముందు అది లెక్కలోకే రాదు. అదే దూరానికి 0.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడితే 0.34 ఓమ్‌లు అవుతుంది, అప్పుడు ఆలోచించాలి. ఇంతకన్నా ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది: ఒక స్పీకర్‌కు ప్లస్, మైనస్ తారుమారు కావడం. పాటను మోనోలో (రెండు స్పీకర్లలో ఒకే శబ్దం వచ్చేలా) పెట్టండి. గొంతు మధ్యలో నిలవకుండా గదంతా చెదిరి, బేస్ మాయమైతే ఒక స్పీకర్ వైర్లు మార్చి బిగించండి.

అపోహ: బేస్ రాకపోతే తప్పు స్పీకర్‌ది.

వాస్తవం: చాలాసార్లు తప్పు గదిది. వూఫర్ (బేస్ పలికే పెద్ద స్పీకర్) నుంచి వెనక గోడ 1 మీటరు దూరంలో ఉందనుకోండి. గోడకు తగిలి వచ్చే శబ్దం 2 మీటర్లు ఎక్కువ తిరుగుతుంది. 86 హెర్ట్జ్ దగ్గర అది సరిగ్గా సగం తరంగం, కాబట్టి నేరుగా వచ్చే శబ్దానికి ఎదురు పడి దాన్ని కొట్టేస్తుంది, అక్కడ శబ్దంలో గుంట పడుతుంది. ఈక్వలైజర్‌తో (ఒక్కో స్థాయి స్వరాలను విడిగా పెంచే, తగ్గించే సాధనంతో) అక్కడ పెంచినా లాభం లేదు, ప్రతిధ్వని కూడా అంతే పెరుగుతుంది. ఆంప్ మాత్రం ఊరికే చెమటోడుస్తుంది. స్పీకర్‌ను గోడ దగ్గరకు జరిపి ఆ దూరాన్ని 30 సెంటీమీటర్లు చేస్తే గుంట సుమారు 286 హెర్ట్జ్‌కు వెళ్తుంది. అక్కడ బాక్సు వెనక్కు తక్కువ శబ్దం పంపుతుంది గనుక గుంట లోతు కూడా తగ్గుతుంది. బేస్ బరువెక్కితే స్పీకర్ బాక్సుకు ఉండే గాలి రంధ్రంలో (పోర్టులో) ఫోమ్ ముక్క పెట్టండి.

కూర్చునే చోటుదీ ఇదే గొడవ. 5 మీటర్ల గదిలో పొడవును బట్టి 34 హెర్ట్జ్ దగ్గర నిలిచే తరంగం గది నట్టనడుమ దాదాపు సున్నా, వెనక గోడ దగ్గర గరిష్ఠం. నడుమ కుర్చీ వేస్తే బేస్ పలచన, గోడకు ఆనిస్తే బుడబుడ. 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా పెరిగే టోన్ పెట్టి, కుర్చీని ఒక్కోసారి 10 సెంటీమీటర్లు జరుపుతూ వినండి, గుర్తులు పెట్టుకోండి. ఓపిక కావాలి, కానీ ఒక సాయంత్రంలో తేలిపోతుంది.

గుడ్ల అట్టలు, పలచని ఫోమ్ అతికిస్తే సన్నని పై స్వరాలే తగ్గి శబ్దం మూగబోతుంది, బేస్ జోలికి అవి పోలేవు.

అపోహ: రికార్డు అరగకూడదంటే స్టైలస్ (రికార్డు మీద నడిచే సూది) బరువు వీలైనంత తక్కువ పెట్టాలి.

వాస్తవం: ఇది రికార్డులను పాడుచేసే సలహా. బరువు చాలకపోతే సూది గాడి గోడల మీద నిలవక ఎగురుతూ వాటిని గీస్తుంది. "స", "ష" అక్షరాలు బుస కొట్టడం దీని గుర్తు. సూది ఉండే కార్ట్రిడ్జ్ తయారీదారు చెప్పిన బరువే పెట్టండి: ఆర్టోఫాన్ 2ఎమ్ రెడ్‌కు 1.8 గ్రాములు, ఆడియో-టెక్నికా వీఎమ్95ఈకి 2.0. యాంటీ-స్కేట్ (చేయి లోపలికి లాగబడకుండా ఆపే అమరిక) సున్నాలో పెట్టి, సూదిని మోసే చేయి గాలిలో సమంగా తేలేలా వెనక బరువు తిప్పి, డయల్‌ను సున్నాకు తెచ్చి, అప్పుడు కావలసినంత తిప్పాలి. యాంటీ-స్కేట్ కూడా మొదట అదే అంకెకు పెట్టండి. డయల్‌ను నమ్మకుండా 0.01 గ్రాము చూపే చిన్న తూకంతో ఒకసారి సరిచూసుకోవాలి.

టర్న్‌టేబుల్‌లో ఫోనో ప్రీఆంప్ (సూది నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను పెంచి సరిదిద్దేది) ఉండి, ఆంప్‌లోని ఫోనో సాకెట్‌కే కలిపితే శబ్దం పగిలిపోతుంది. ఏదో ఒక్కటే ఉండాలి. ఏదీ లేకుండా లైన్ సాకెట్‌కు కలిపితే నీరసంగా, బేస్ లేకుండా వస్తుంది.

అపోహ: డిజిటల్ పాటకు సీడీలోని 44.1 కిలోహెర్ట్జ్ (సెకనుకు 44,100 నమూనాలు) చాలదు, శబ్దం మెట్లు మెట్లుగా వస్తుంది.

వాస్తవం: డ్యాక్ (డిజిటల్ అంకెలను శబ్ద తరంగంగా మార్చేది) నుంచి మెట్లు బయటికి రావు, నున్నటి తరంగమే వస్తుంది. 22 కిలోహెర్ట్జ్ దాకా అందులో పడుతుంది, మనిషి చెవి 20 దగ్గరే ఆగుతుంది. హై-రెజ్ (ఇంకా ఎక్కువ నమూనాలున్న) ఫైలు నిజంగా వేరుగా వినిపిస్తే ముందు అనుమానించాల్సింది వేరే మాస్టరింగ్‌ను, అంటే విడుదలకు ముందు పాటకు చేసే చివరి మెరుగులను.

అపోహ: నా చెవికి తేడా తెలిసింది, ఇంకేం కావాలి?

వాస్తవం: అర డెసిబెల్ గట్టిగా మోగేది కూడా "స్పష్టంగా" అనిపిస్తుంది. రెండు ఆంప్‌లు పోల్చేముందు 200 హెర్ట్జ్ టోన్ పెట్టి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్‌తో ఏసీ వోల్ట్‌లు చూడండి. ఒకటి 2.00 ఉంటే రెండోది 1.98 - 2.02 మధ్య ఉండాలి. తర్వాత వేరొకరు చెప్పకుండా మారుస్తుంటే 16 సార్లు గుర్తుపట్టండి. 12 లేదా అంతకన్నా ఎక్కువ సరైతే తేడా ఉందని నమ్మవచ్చు. ఊరికే గుడ్డిగా చెబితే 12 లేదా ఎక్కువ సరయ్యే అవకాశం 4 శాతం లోపే.

అపోహ: గుంయ్‌మన్న హమ్ పోవాలంటే ప్లగ్ ఎర్త్ పిన్ తీసేయాలి.

వాస్తవం: హమ్ పోవచ్చు, కానీ లోపల ఏదైనా వైరు తెగి బాడీకి తగిలితే షాక్ కొడుతుంది. ఆంప్ ఆపి ఇన్‌పుట్ కేబుళ్లన్నీ తీసేసి, ఒక్కోటి తిరిగి పెట్టి, ఆంప్ ఆన్ చేసి వినండి. హమ్ ఏ కేబుల్‌తో మొదలైతే గొడవ ఆ దారిలో ఉంది. బయటి నుంచి కేబుల్ టీవీ లైను వస్తుంటే ముందు దాన్నే పీకి చూడండి.