బేరం కాదనే హక్కు ఎంతవరకు? రాజీ దారి మూసేసిన 1976

కర్నూలు, అనంతపురం, కడపల్లో హోటళ్ల గోడల మీద ‘ప్రవేశ హక్కు యాజమాన్యానిదే’ అనే బోర్డు కనిపిస్తూనే ఉంటుంది. కులం చూసి సెలూన్‌లో క్షవరం చేయలేదనో, హోటల్లో బల్ల దగ్గర కూర్చోనివ్వలేదనో ఫిర్యాదు వచ్చిన ప్రతిసారీ వాదన తిరిగి తిరిగి ఆ బోర్డు దగ్గరికే వస్తోంది. బోర్డు రాసి పెట్టినంత మాత్రాన లేని హక్కు పుట్టదు. యజమాని కాదనవచ్చు. కానీ ఎందుకు కాదన్నాడో చెప్పాలి.

కులం, మతం పేరుతో దుకాణాల్లో, హోటళ్లలో వివక్ష కూడదనే 15వ అధికరణం, అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణం రాజ్యాంగంలో ఉన్నవే. 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఇచ్చిన వివరణ ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు: ‘దుకాణం’ అన్న మాట లోపలికి రానివ్వడంతో ఆగదు, షరతులు కుదిరితే సేవ కోరడం దాకా పోతుంది. 2011లో ఢిల్లీ ఆర్మీ వైద్య కళాశాల కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి తీర్పు కూడా ఈ వివరణను ఆధారం చేసుకుంది.

అసలు మలుపు 1976లో ఉంది. అంటరానితనం నేరాల చట్టం 1955 జూన్ 1న అమల్లోకి వచ్చింది. క్షౌరశాల, లాండ్రీ కూడా దుకాణాలేనని ఆ చట్టం అప్పుడే చెప్పింది. అయితే కేసును రాజీ చేసుకోవచ్చని కూడా చెప్పింది. చట్టం నీరుగారింది అక్కడే. పొద్దున ఫిర్యాదు ఇచ్చిన మనిషి రేపు కూలికి పోవలసింది ఎదుటి పక్షం చేలోకే అయితే, పెద్దమనుషుల మాట కాదని నిలబడటం ఎంతమందికి సాధ్యం? రాజీ అన్నది కాగితం మీద ఇద్దరి ఇష్టం, రచ్చకట్ట దగ్గర ఒకరి ఇష్టం.

అంటరానితనంపై కేంద్రం వేసిన ఎలయపెరుమాళ్ కమిటీ 1969 నివేదిక తర్వాత జరిగిన సవరణ 1976 నవంబరు 19 నుంచి అమలైంది. చట్టం పేరు పౌర హక్కుల పరిరక్షణ చట్టంగా మారింది. రాజీ వెసులుబాటు పోయింది. సరుకు అమ్మకపోయినా, సేవ నిరాకరించినా కనీసం నెల, గరిష్ఠంగా 6 నెలల జైలు, రూ.100 నుంచి రూ.500 దాకా జరిమానా. తోపుడు బండి మీద అమ్మే చోటు కూడా దుకాణమైంది. దర్యాప్తును కావాలని పక్కన పెట్టిన అధికారి నేరానికి తోడ్పడినవాడి కిందే లెక్క. ఇవాళ్టికీ స్టేషన్లో ‘కూర్చుని మాట్లాడుకోండి’ అని పంపేవాళ్లు ఈ సవరణను మరిచినట్టే.

సేవ నిరాకరణ గురించి చెప్పే ఈ చట్టం ఆరో సెక్షన్ కొలత చిన్నది: మిగతావాళ్లకు ఇచ్చినట్టే, అదే సమయంలో, అదే చోట, అవే షరతుల మీద ఇచ్చాడా లేదా? అందుకే ఫిర్యాదులో టైము, అప్పుడు కుర్చీలో ఎవరున్నారు, తర్వాత ఎవరికి చేశారు అన్నవి రాయాలి. ‘నన్ను అవమానించారు’ అని మాత్రమే రాస్తే కేసు బలహీనపడుతుంది. బాధితుడు ఎస్సీ అయితే, అంటరానితనం వల్లే నిరాకరించారని కోర్టు ముందుగా అనుకుంటుంది (సెక్షన్ 12). కాదని నిరూపించుకోవలసింది యజమానే. అందరికీ గాజు గ్లాసు, ఒకరికి పేపరు కప్పు ఇస్తే అది నాలుగో సెక్షన్ కిందికి వస్తుంది. అందరికీ పేపరు కప్పే అయితే రాదు.

దీనికీ ఒక ఎత్తు కనిపెట్టారు: అడగ్గానే షాపుకు తాళం వేయడం, తెలిసినవాళ్లకు ఇళ్లకెళ్లి చేయడం. ‘అదే చోట’ అన్న పోలికే లేకుండా పోతుంది. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సవరణ ఈ కంతను కొంత పూడ్చింది. సాంఘిక, ఆర్థిక బహిష్కరణకు, చేస్తామన్న బెదిరింపుకు కూడా 6 నెలల నుంచి 5 ఏళ్ల శిక్ష. ఈ కేసును డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి. ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. కుల ధ్రువీకరణ పత్రం చేతిలో ఉంటే ఆలస్యం తగ్గుతుంది.

యజమానులు చెప్పేదీ ఉంది. తాగి గొడవ చేసేవాణ్ని, డబ్బు ఇవ్వనివాణ్ని, మూసే వేళ దాటి వచ్చినవాణ్ని కాదనవచ్చు, సరుకు లేకపోతే లేదనవచ్చు. పై కులాల గిరాకీ పోతుందన్న భయం మాత్రం చట్టం ముందు సాకు కాదు.

వినియోగదారుల కమిషన్‌కు పోవాలన్నా చిక్కే. డబ్బిచ్చి కొన్నవాడు, కొనడానికి ఒప్పుకున్నవాడు వినియోగదారుడు. గడప దగ్గరే ఆగిపోయినవాడు ఆ లెక్కలోకి రావడం కష్టం. ట్రాన్స్‌జెండర్లకైతే వివక్షను నిషేధించే 2019 చట్టం ఉంది. మతం పేరు చెప్పి లాడ్జిలో గది ఇవ్వకపోతే? 15వ అధికరణం వద్దంటుంది, కానీ ఆ నిరాకరణను నేరుగా శిక్షించే సెక్షన్ లేదు. కడప నుంచో ఆదోని నుంచో అమరావతి హైకోర్టుకు వెళ్లి, రాజ్యాంగ హక్కు అమలు చేయమని రిట్ పిటిషన్ వేయాలి. ఒక రాత్రి గది కోసం ఎవరు వెళ్తారు?