మెస్సీ బెంచీ మీద కూర్చుంటే నష్టం ఎవరిది?

2025 డిసెంబరు 13న కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో ఏం జరిగిందో అందరూ చూశారు. వేలు పోసి టికెట్లు కొన్నవారికి అర్జెంటీనా ఫుట్‌బాల్ తార మెస్సీ చుట్టూ మూగిన ప్రముఖులే కనిపించారు. కుర్చీలు విరిగాయి, నిర్వాహకుడు అరెస్టయ్యాడు. టికెట్ల డబ్బు ఎవరు తిరిగివ్వాలన్న పాత ప్రశ్న మళ్లీ లేచింది. దీని మూలం తెలియాలంటే కోల్‌కతా కంటే ముందు హాంకాంగ్ వెళ్లాలి.

2024 ఫిబ్రవరి 4న అక్కడ మెస్సీ ఆడే అమెరికా క్లబ్బు ఇంటర్ మయామీ స్థానిక ఆటగాళ్లతో ప్రదర్శన మ్యాచ్ ఆడింది. టికెట్ ధర 4,880 హాంకాంగ్ డాలర్ల దాకా పలికింది. 38 వేల మందికి పైగా వచ్చారు. మయామీ 4-1తో గెలిచింది. మెస్సీ మాత్రం ఒక్క నిమిషం కూడా ఆడలేదు. డబ్బు వాపసు ఇవ్వాలంటూ స్టేడియమంతా నినాదాలు చేసింది. మూడు రోజుల తర్వాత టోక్యోలో అతను అరగంట ఆడటం పుండు మీద కారం చల్లినట్లయింది.

నిర్వాహక సంస్థ టాట్లర్ ఏసియా చెప్పింది ఇది: గాయం లేకపోతే మెస్సీ కనీసం 45 నిమిషాలు ఆడాలని ఒప్పందంలో ఉంది. ఆడడని తమకు మ్యాచ్ సాగుతుండగా తెలిసింది. కనీసం లేచి ప్రేక్షకులతో రెండు మాటలు మాట్లాడించమని ప్రాధేయపడినా ఫలితం లేకపోయింది. గజ్జల్లో కండరం నొప్పి అని, ఆడితే ప్రమాదమని క్లబ్బు చెప్పింది, తర్వాత మెస్సీ కూడా అదే చెప్పాడు. ఆ నొప్పిని అనుమానించనక్కర్లేదు. అంతకు మూడు రోజుల ముందు రియాద్‌లోనూ అతను చివరి కొద్ది నిమిషాలకే దిగాడు. కానీ మూడు వారాలు నిండకుండానే ఎల్ సాల్వడార్ నుంచి టోక్యో దాకా ఆరు మ్యాచ్‌లు పెట్టుకున్నది నిర్వాహకులు కాదు.

లెక్క చూస్తే గుండె జారుతుంది. టాట్లర్ కోటీ 30 లక్షల హాంకాంగ్ డాలర్ల లాభం ఆశించింది. టికెట్ ధరలో సగం వెనక్కి ఇవ్వడానికి 5 కోట్ల 60 లక్షలు అవుతాయని లెక్క తేలింది. అంటే 4 కోట్ల 30 లక్షల నష్టం. ప్రభుత్వం ఇస్తానన్న కోటీ 60 లక్షల సాయాన్నీ ఆ సంస్థ వదులుకుంది. మార్చిలో చైనాలో జరగాల్సిన అర్జెంటీనా మ్యాచ్‌లు రెండూ రద్దయ్యాయి.

ఈ గతి ముందే తెలిసి ఉండాల్సింది. 2019 జూలై 26న దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో పోర్చుగల్ తార రొనాల్డో ఇలాగే కూర్చుండిపోయాడు. అప్పట్లో అతను ఆడిన ఇటలీ క్లబ్బు యువెంటస్ చైనా నుంచి అదే రోజు దిగింది, ఆట దాదాపు గంట ఆలస్యమైంది. అక్కడా 45 నిమిషాల షరతు ఉంది. 2020 ఫిబ్రవరిలో ఇంచియోన్ కోర్టు ఇద్దరు ప్రేక్షకులకు చెరో 3,71,000 కొరియా వన్‌లు చెల్లించమని తీర్పు చెప్పింది. అందులో 3 లక్షలు మనోవేదనకే. చెల్లించాల్సింది క్లబ్బు కాదు, స్థానిక నిర్వాహక సంస్థ. ప్రేక్షకుడికి న్యాయం జరిగింది, అది జరగాల్సిందే. అయితే మైదానంలోకి దిగాలా వద్దా అన్న నిర్ణయం ఎవరి చేతిలో ఉందో వారి మీద భారం పడలేదు. హాంకాంగ్ ఒప్పందం కూడా ఆ భారాన్ని క్లబ్బు మీదికి మార్చలేకపోయింది. గాయం అన్న ఒక్క మాటతో 45 నిమిషాల హామీ కరిగిపోయింది.

మన దగ్గర సాహసం ఇంకా ఎక్కువ. తారలకు ఇచ్చేది డాలర్లలో, టికెట్లు అమ్మేది రూపాయల్లో. కొచ్చిలో 2025 నవంబరులో జరగాల్సిన అర్జెంటీనా మ్యాచ్ అనుమతుల దగ్గరే ఆగింది. మెస్సీ డిసెంబరు పర్యటనలో అసలైన మ్యాచే లేదు. కోల్‌కతా గొడవ జరిగిన సాయంత్రమే హైదరాబాద్ ఉప్పల్ స్టేడియంలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి అతనితో సరదా ఆట ఆడారు, కార్యక్రమం ప్రశాంతంగా ముగిసింది. ఫలక్‌నుమాలో మెస్సీతో ఫొటో దిగడానికి సుమారు 10 లక్షల రూపాయలని నిర్వాహకులే ప్రకటించారు. గ్యాలరీలో కూర్చునేవాడి టికెట్ మీదే ఖర్చు రాబట్టలేమని ఆ ధరే చెబుతోంది. కోల్‌కతాలో మైదానంలో మెస్సీ చుట్టూ అంతమంది ఎందుకు చేరారో దర్యాప్తు చేసేవారు ఒప్పంద పత్రాలు, ప్రాయోజకులకు ఇచ్చిన పాసుల జాబితాలు తెరిచి చూడాలి.