గాలి డబ్బా పీకేస్తే బైక్ పికప్ పెరుగుతుందా?

ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉండగా నా 150 సీసీ బైక్‌కి కోన్ ఫిల్టర్ వేయించాను. సైడ్ ప్యానెల్ వెనక ఉండే నల్లటి ప్లాస్టిక్ ఫిల్టర్ డబ్బాను తీసేసి, గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్ మూతికి నేరుగా ఎర్రటి గుడ్డ మడతలున్న కోన్ బిగించారు. స్టార్ట్ చేసి రేజ్ చేయగానే బండికి కొత్త గొంతు వచ్చింది. పక్కనున్న స్నేహితులు ‘సౌండ్ మారిపోయింది రా’ అన్నారు. నాకైతే బండి రెక్కలు కట్టుకున్నట్టే అనిపించింది. మెకానిక్ అన్న మాత్రం స్పానర్లు సర్దుకుంటూ ఒక్క మాట అన్నాడు: “తమ్ముడూ, గాలి పెంచాం సరే, జెట్టు మార్చకపోతే వారంలో మళ్లీ వస్తావు.” జెట్టు అంటే కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం.

నాలుగో రోజుకే వెళ్లాను. సగం ఎక్సలేటర్ దగ్గర మిస్సింగ్ కొడుతోంది, ఎక్సలేటర్ వదిలితే సైలెన్సర్‌లో పటపటమని పేలుతోంది, ఇంజిన్ మామూలు కంటే బాగా వేడెక్కుతోంది. అన్న ప్లగ్గు విప్పి నా చేతిలో పెట్టాడు. ఎలక్ట్రోడు చుట్టూ ఉండే పింగాణీ లేత బిస్కెట్ రంగులో ఉండాలి. నాది సుద్దముక్కలా తెల్లగా ఉంది. పెట్రోలు చాలక ఇంజిన్ లోపల ఎండిపోతోందని దానర్థం.

ఆ తెల్లటి ప్లగ్గు చూశాకే ఈ విషయాన్ని కుదురుగా చదవడం మొదలుపెట్టాను. ఫిల్టర్ తేలిక చేస్తే పవర్ పెరుగుతుందన్న నమ్మకం పూర్తిగా తప్పు కాదు. అయితే అందులో నిజం ఎంతో, అది ఎక్కడ పనిచేస్తుందో చాలామందికి తెలియదు. ముందు ఇంజిన్ ఎంత గాలి తింటుందో చూద్దాం.

ఒక లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. అంటే లీటరు పెట్రోలుకు దాదాపు 11 కిలోల గాలి. మన వాతావరణంలో అది 9 వేల లీటర్లకు పైనే ఉంటుంది. ఇళ్లకు వేసే 20 లీటర్ల వాటర్ క్యాన్లతో లెక్కేస్తే 450 క్యాన్లు దాటుతుంది. బంకులో మనం డబ్బు కట్టేది పెట్రోలుకే, కానీ బండి తినేది ఎక్కువగా గాలినే. పెట్రోలు ఎంతైనా పోయవచ్చు. మండించడానికి సరిపడా గాలిని లోపలికి చేర్చడమే కష్టమైన పని. అందుకే రేసింగ్ వాళ్లు తరతరాలుగా గాలి దారి మీదే అంత శ్రమ పెడుతున్నారు.

పైగా దానికి దొరికే సమయం చాలా తక్కువ. 150 సీసీ ఇంజిన్ 8,000 ఆర్‌పీఎమ్ మీద, అంటే నిమిషానికి 8,000 చుట్లు తిరుగుతుంటే, రెండు చుట్లకోసారి చొప్పున నిమిషానికి 4,000 సార్లు గాలి పీలుస్తుంది. సిలిండర్ ప్రతిసారీ పూర్తిగా నిండితే నిమిషానికి 600 లీటర్లు. పిస్టన్ పైనుంచి కిందికి దిగే ఒక్కో స్ట్రోకుకు దొరికేది సెకనులో వెయ్యో వంతులు నాలుగు కూడా కాదు. మనం రెప్ప వేసేలోపు ఇంజిన్ ఎన్నోసార్లు ఊపిరి పీలుస్తుంది. ఇంత తొందరలో ఫిల్టర్ కాస్త అడ్డుపడినా నష్టమే కదా అనిపిస్తుంది. నిజమే, కానీ ఆ అడ్డు లెక్కలోకి వచ్చేది ఎక్సలేటర్ పూర్తిగా తిప్పినప్పుడు, అదీ పై ఆర్‌పీఎమ్‌లో. ఊళ్లో 40, 50 స్పీడులో పోయేటప్పుడు గాలికి అసలు అడ్డు మనమే. ఎక్సలేటర్ కొంచెమే తిప్పుతాం కాబట్టి గాలి దారిలో తలుపులా ఉండే త్రాటిల్ దాదాపు మూసుకునే ఉంటుంది. దాని వెనక ఒత్తిడి బయటి ఒత్తిడిలో సగం దాకా పడిపోతుంది. మనం చేత్తో అంత పెద్ద తలుపు మూసిపెట్టి, దానికి ముందున్న పల్చటి తెరను తీసేస్తే వచ్చేదేమీ లేదు.

ఇంకో సంగతి. ఇంజిన్‌కు లీటర్లతో పని లేదు, గాలి బరువుతోనే పని. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, విజయవాడ కృష్ణ ఒడ్డున దాదాపు సముద్ర మట్టంలోనే ఉంది. ఒకే ఉష్ణోగ్రత దగ్గర చూస్తే హైదరాబాద్ గాలి సుమారు 6 శాతం పల్చన. విజయవాడలోనే డిసెంబరు ఉదయం 18 డిగ్రీల గాలితో పోలిస్తే మే మధ్యాహ్నం 43 డిగ్రీల గాలి 8 శాతం పల్చన. మామూలు కార్బురేటర్ బండి ఈ తేడాలన్నీ భరిస్తూనే తిరుగుతోంది. చలికాలం పొద్దున్నే బండి బాగా లాగుతున్నట్టు అనిపించడం ఊహ కాదు, ఆ గాలి నిజంగానే చిక్కగా ఉంటుంది. ఇప్పుడు కోన్ ఫిల్టర్ ఎక్కడ ఉందో చూడండి. సిలిండర్ వెనక, ఇంజిన్ వేడి నేరుగా తగిలే చోట. ట్రాఫిక్‌లో ఆగి ఉంటే అది పీల్చేది ఇంజిన్ వదిలిన వేడి గాలినే. గాలి 10 డిగ్రీలు వేడెక్కితే దాని బరువు సుమారు 3 శాతం తగ్గుతుంది. కంపెనీ డబ్బా మూతి సీటు కిందికి, కొంచెం పైకి, ఇంజిన్‌కు దూరంగా తిరిగి ఉండేది ఇందుకే. వానలో చక్రం చిమ్మే నీళ్లు లోపలికి పోకుండా ఉండటానికీ అదే ఏర్పాటు.

ఇక నా ప్లగ్గు ఎందుకు తెల్లబడింది? కార్బురేటర్ అంటే నడుము సన్నగా ఉండే గొట్టం. ఆ సన్నటి నడుములో గాలి వేగం పెరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. శాస్త్రవేత్త బెర్నూలీ 1738లో చెప్పిన సూత్రమిది. దీన్ని సన్నబడే గొట్టాల్లో పరీక్షించి 1797లో ప్రచురించిన ఇటలీ శాస్త్రవేత్త వెంచూరి పేరు మీదే ఆ నడుమును ఇప్పటికీ వెంచూరి అంటున్నాం. దాని కింద చిన్న పెట్రోలు గిన్నె ఉంటుంది. గిన్నెలోని పెట్రోలు మీద బయటి గాలి ఒత్తిడి, పైన నడుములో తక్కువ ఒత్తిడి. ఈ తేడాయే జెట్టు గుండా పెట్రోలును పైకి తోస్తుంది.

గాలి ఎక్కువ వస్తే పెట్రోలు కూడా దామాషాలో ఎక్కువ రావాలి కదా అని నేను చాలా రోజులు తికమకపడ్డాను. కిటుకు ఫిల్టర్ డబ్బాలో ఉంది. ఇంజిన్ గట్టిగా పీల్చేటప్పుడు డబ్బాలో కూడా ఒత్తిడి కాస్త తగ్గుతుంది. ఆ తగ్గుదల నడుములోని తగ్గుదలకు తోడవుతుంది, పెట్రోలు ఇంకొంచెం ఎక్కువ వస్తుంది. కంపెనీ వాళ్లు ఈ తోడును కూడా లెక్కలో వేసుకునే జెట్టు సైజు నిర్ణయిస్తారు. డబ్బా పీకేస్తే ఆ తోడు పోతుంది. గాలి పెరుగుతుంది, పెట్రోలును లాగే బలం తగ్గుతుంది. మంట నిదానంగా, ఎక్కువసేపు మండుతుంది. ఎక్సలేటర్ వదిలినప్పుడు కాలకుండా మిగిలిన మిశ్రమం సైలెన్సర్‌లోకి పోయి అక్కడ అంటుకుంటుంది, అదే ఆ పటపట. ఇంజిన్ ఎక్కువ పవర్ ఇచ్చేది గ్రాము పెట్రోలుకు పన్నెండున్నర, పదమూడు గ్రాముల గాలి ఉన్నప్పుడు. డబ్బా పీకి జెట్టు మార్చకపోతే మనం సరిగ్గా దానికి ఎదురు దిక్కుకు పోతున్నట్టు.

ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. 2025 నాటికి మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే మామూలైపోయింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది కాబట్టి గ్రాముకు 9 గ్రాముల గాలి చాలు. ఆ మిశ్రమానికి సరైన నిష్పత్తి 14.7 నుంచి సుమారు 13.5కు దిగుతుంది. అంటే పాత కార్బురేటర్ బండిలో ఏమీ మార్చకపోయినా, జెట్టు పరంగా పెట్రోలు ఇప్పటికే కాస్త తక్కువ పడుతోంది. దాని మీద కోన్ ఫిల్టర్ కూడా పెడితే పిస్టన్ పట్టేసే ప్రమాదాన్ని మనమే దగ్గరికి తెచ్చుకుంటున్నాం. పాత బండి ఉన్నవాళ్లు ఈ ఒక్క విషయం తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి.

డబ్బా గురించి నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది మాత్రం ఇంకొకటి. అది ఫిల్టర్‌ను దాచే పెట్టె అనుకున్నాను. అసలు పని వేరే ఉంది. సింగిల్ సిలిండర్ ఇంజిన్ గాలిని నిలకడగా పీల్చదు. రెండు చుట్లకోసారి ఒక్క గుక్కలో లాగుతుంది. మునిసిపల్ కుళాయి సన్నగా వచ్చినా, మేడ మీద ట్యాంకు ఉంటే బకెట్ ఒక్కసారిగా నిండుతుంది కదా. డబ్బా అలాంటి ట్యాంకు. గుక్కకూ గుక్కకూ మధ్య బయటి నుంచి మెల్లగా నిండుతుంది, అడిగినప్పుడు ఒక్కసారిగా ఇస్తుంది.

ఖాళీ సీసా మూతి మీద ఊదితే ‘హూం’ అని ఒకే స్వరం వస్తుంది. మెడలోని గాలి ఒక బరువు, కడుపులోని గాలి ఒక స్ప్రింగు. ఆ రెండూ కలిసి ఒక వేగంతో ఊగుతాయి. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్‌జ్ దీన్ని వివరించాడు. ఫిల్టర్ డబ్బా, దాని రబ్బరు మూతి కలిస్తే సరిగ్గా అలాంటి సీసాయే. మూతి పొడవు, వెడల్పు, డబ్బా పరిమాణం సరిచూసి పెడితే ఫలానా ఆర్‌పీఎమ్ దగ్గర ఆ ఊగుడు ఇంజిన్ గుక్కకు కలిసొస్తుంది. బండి నీరసపడే చోటును ఇలా పూడుస్తారు. ‘ఈ మూతి ఇంత సన్నగా ఎందుకు పెట్టారు’ అని కోసి వెడల్పు చేసేవాళ్లున్నారు. వాళ్లు సీసా మెడను విరగ్గొడుతున్నారు.

ఇంజిన్‌కు గాలి తెచ్చే గొట్టంలో కూడా అలల ఆట ఉంది. వాల్వు తెరుచుకుని పిస్టన్ దిగగానే తక్కువ ఒత్తిడి అల ఒకటి ధ్వని వేగంతో, అంటే సెకనుకు సుమారు 350 మీటర్లతో బయటికి పరుగెడుతుంది. గొట్టం చివర తెరిచి ఉన్న చోట అది తిరగబడి ఎక్కువ ఒత్తిడి అలగా మారి వెనక్కి వస్తుంది. గొట్టం 30 సెంటీమీటర్లుంటే పోయి రావడానికి సెకనులో వెయ్యో వంతులు రెండు కూడా పట్టవు. వాల్వు మూసుకునే లోపు అది చేరితే మరికొంత గాలిని లోపలికి నెడుతుంది. అలలే కాదు, గాలికి బరువుంది కాబట్టి ఊపు కూడా ఉంటుంది. ఆర్టీసీ బస్సు బ్రేకు వేస్తే నిలబడ్డ జనం ముందుకు తూలినట్టు, పిస్టన్ కింద ఆగినా గాలి ఇంకా లోపలికి దూసుకొస్తూనే ఉంటుంది. అందుకే పిస్టన్ పైకి లేవడం మొదలయ్యాక కూడా ఇన్‌టేక్ వాల్వును కొంతసేపు తెరిచే ఉంచుతారు. మంచి రేసు ఇంజిన్లలో సిలిండర్ తన కొలత కంటే ఎక్కువ గాలితో నిండేది ఈ లెక్కలవల్లే. డబ్బా తీసేసి కోన్ పెడితే గొట్టం పొడవు మారుతుంది, అల తిరిగొచ్చే సమయం మారుతుంది. పై ఆర్‌పీఎమ్‌లో కాస్త లాభం రావచ్చు. మనం రోజూ వాడే మధ్య ఆర్‌పీఎమ్‌లో గుంత పడుతుంది.

ముందు నుంచి గాలి గొట్టం పెడితే స్పీడుకు గాలి దానంతటదే దూరుతుంది కదా అని కూడా అంటారు. 1990లో కవాసాకి తన జెడ్‌ఎక్స్-11లో ఇది పెట్టింది, మార్కెట్లో అమ్మే బైక్‌కి అదే మొదటిసారి. 300 కిలోమీటర్ల వేగంలో అలా పెరిగే ఒత్తిడి సుమారు 4 శాతం. వేగం వర్గంతో పాటు ఇది మారుతుంది కాబట్టి 100లో అర శాతం కూడా రాదు.

కొత్త ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్ల సంగతి వేరు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాక మన బైకుల్లో చాలావాటికి కార్బురేటర్ పోయింది. సైలెన్సర్ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ చూస్తూ ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటర్, పెట్రోలును సరిచేస్తుంది, అందుకే కోన్ పెట్టినా మామూలు స్పీడుల్లో తేడా పెద్దగా తెలియదు. ఎక్సలేటర్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రం అది సెన్సర్‌ను పక్కనపెట్టి ముందే రాసిపెట్టిన పట్టిక ప్రకారం పోతుంది. గాలి ఎక్కువ వచ్చేది సరిగ్గా అక్కడే. కాబట్టి ఆ పట్టికను, అంటే ఈసీయూ మ్యాపును కూడా మార్పిస్తేనే ఏదైనా అర్థం ఉంటుంది.

నా బండికి అన్న పెద్ద మెయిన్ జెట్టు వేశాడు. పటపట ఆగింది, ప్లగ్గు రంగు తిరిగొచ్చింది. అప్పుడు ఒక పరీక్ష పెట్టుకున్నాం. అనంతపురం బయట ఖాళీ రోడ్డు మీద, ఒకే సాయంత్రం, ఒకే గేరులో 40 నుంచి 80కి ఎంతసేపు పడుతుందో చూడాలి. వెనక కూర్చున్న స్నేహితుడు మీటరును ఫోన్‌లో వీడియో తీశాడు. గాలి వాటం లెక్క తప్పకుండా అటూ ఇటూ రెండు వైపులా నడిపాం. కోన్‌తో కొన్నిసార్లు, తర్వాత అక్కడే రోడ్డు పక్కన డబ్బా, పాత జెట్టు పెట్టి కొన్నిసార్లు. గదికి వచ్చి వీడియోలు పక్కపక్కన పెట్టి చూస్తే కోన్‌తో ప్రతిసారీ ఎక్కువ సమయమే పట్టింది. నడిపేటప్పుడు మాత్రం ఇద్దరికీ అదే ఫాస్ట్ అనిపించింది. డబ్బా మింగేసే ఇన్‌టేక్ శబ్దం కోన్‌తో నేరుగా చెవిలో పడుతుంది, చెవి దాన్ని స్పీడుగా లెక్కేసుకుంటుంది.

అయినా సౌండ్ మీద మోజుతో కోన్ మళ్లీ పెట్టించి కొన్ని నెలలు తిరిగాను. మా కాలేజీ దారి ఎర్రమట్టి. ఒకరోజు శుభ్రం చేద్దామని కోన్ విప్పి కార్బురేటర్ మూతి లోపల వేలు పెట్టి తుడిచాను. వేలి మీద మెత్తగా, పౌడరులా ఎర్రటి ధూళి. ఫిల్టర్ దాటి లోపలికి వచ్చిన ధూళి అది. మట్టిలో ఉండే క్వార్ట్‌జ్ రేణువులు సిలిండర్ ఇనుము కంటే గట్టివి. రింగులకూ గోడకూ మధ్య ఉండే ఆయిల్ పొర కొన్ని మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతుల) మందమే ఉంటుంది. దానిలో ఇమిడే సైజు రేణువులే రింగులను ఎక్కువగా అరగదీస్తాయి. రింగులు పోతే నీలిపొగ, ఆయిల్ తాగడం, చివరికి బోరు చేయించడం. కంపెనీ పేపర్ ఫిల్టర్ కొంచెం ధూళి పట్టాక ఇంకా బాగా వడకడుతుందని కూడా ఆ రోజుల్లోనే తెలిసింది. పేరుకున్న ధూళే అదనపు వడపోత అవుతుంది, అందుకే చెప్పిన కిలోమీటర్ల కంటే ముందే ఊరికే మార్చనక్కర్లేదు.

ఆ సాయంత్రమే గది మూలలో పడేసిన నల్ల డబ్బాను దులిపి తీశాను. మూతి రబ్బరు పగిలి ఉంటే 60 రూపాయలు పెట్టి కొత్తది కొన్నాను. పాత జెట్టు అన్న ఇంకా డ్రాయర్లోనే దాచి ఉంచాడు.