తేమతో తేయాకు పోరు

క్రీ.పూ. 141లో మరణించిన చైనా హాన్ వంశ చక్రవర్తి జింగ్ సమాధి సముదాయంలో, ఇప్పటి షీఆన్ నగరానికి సమీపంలో, ధాన్యపు గింజలతో పాటు గోధుమరంగుకు తిరిగిన ఆకుల ముద్ద ఒకటి బయటపడింది. అందులోని కెఫీన్, థియానిన్ (తేయాకులో ఉండే ఒక అమైనో ఆమ్లం) ఆనవాళ్లను బట్టి అది తేయాకేనని 2016లో వెలువడిన పరిశోధన తేల్చింది. షీఆన్ చుట్టుపక్కల తేయాకు పండదు. కాబట్టి ఆ ఆకు దక్షిణాది కొండల నుంచి, దారిలో చెడిపోకుండా, రాజధానికి చేరి ఉండాలి. తేయాకు వర్తకంలో మొదటి నుంచీ ఉన్న అసలు చిక్కు ఇదే.

ఎండిన తేయాకు గాలిలోని తేమను ఇట్టే పీల్చుకుంటుంది. ఆకులో నీటి పాలు సుమారు 5 శాతం లోపు ఉన్నంతకాలం నిలకడగా ఉంటుంది గానీ, అంతకు మించి పెరిగేకొద్దీ ఆకుకు వగరునిచ్చే పాలీఫినాల్స్ ఆక్సిజన్‌తో కలిసి రుచి మందగిస్తుంది, పత్రహరితం మెగ్నీషియంను కోల్పోయి ఆకుపచ్చదనం మాసిపోతుంది, ఇంకా పెరిగితే బూజు పడుతుంది. వాసనలను కూడా ఆకు అంతే తేలికగా పట్టేస్తుంది. మల్లెపూల మధ్య ఉంచి మల్లె టీ తయారుచేయడానికి చైనావారికి పనికొచ్చిన ఈ గుణమే, ఇంగువ డబ్బా పక్కన టీ పొడి పెట్టుకున్న ఇంట్లో తలనొప్పి అవుతుంది.

చైనాను తాంగ్ వంశం పాలించిన కాలంలో (7–10 శతాబ్దాలు) ఆకును ఆవిరిపై ఉడికించి, దంచి, అచ్చుల్లో వేసి బిళ్లలుగా ఆరబెట్టేవారు. ఆవిరి ఆకులోని ఎంజైములను అణచివేస్తుంది, గట్టిగా ఒత్తడం వల్ల గాలి తగిలే భాగం తగ్గుతుంది. 8వ శతాబ్దంలో తేయాకుపై గ్రంథం రాసిన లూ యూ ఈ బిళ్లలను దాచే పెట్టెను కూడా వర్ణించాడు: కర్ర చట్రం, వెదురు అల్లిక, దానిపై అంటించిన కాగితం, లోపల మధ్యలో బూడిద కప్పిన నిప్పుల పాత్ర. యాంగ్సీ నదికి దక్షిణాన ముసురు పట్టే రోజుల్లో మాత్రం ఆ నిప్పును మండించాలని చెప్పాడు. 11వ శతాబ్దంలో, ఆ తర్వాతి సోంగ్ వంశపు అధికారి త్సాయ్ షియాంగ్ మరింత సున్నితమైన పద్ధతి సూచించాడు. బిళ్లలను వెడల్పాటి వెదురుజాతి ఆకుల్లో చుట్టి, రెండు మూడు రోజులకొకసారి మనిషి ఒంటి వేడిమి పాటి సెగ చూపించాలట. నిప్పు ఎక్కువైతే తేయాకు మాడుతుందన్న హెచ్చరిక కూడా చేశాడు. థర్మామీటరు లేని కాలంలో ఇంతకంటే మంచి కొలత దొరకదనిపిస్తుంది.

నిల్వ ఉండే సరుకు కనుకనే దానిపై పన్ను వేయడమూ సాధ్యమైంది. 793లో తాంగ్ ప్రభుత్వం పదో వంతు పన్ను విధించింది. యుద్ధాశ్వాల కొరత తీర్చుకోవడానికి సోంగ్ పాలకులు 1074 నుంచి సిచువాన్ తేయాకుకు బదులుగా గుర్రాలను కొనే ఏర్పాటును ప్రభుత్వ శాఖగా నడిపారు. 1391లో మింగ్ వంశ చక్రవర్తి హోంగ్‌వూ తన ఆస్థానానికి బిళ్లలు పంపడం మాన్పించి విడి ఆకు తెప్పించుకున్నా, టిబెట్‌కు ఒత్తిన తేయాకే వెళ్లేది. ఆ వర్తకంపై ప్రభుత్వ గుత్తాధిపత్యం ఎంత కఠినమంటే, దొంగచాటుగా తేయాకు అమ్మించిన సొంత అల్లుడికే ఆ చక్రవర్తి 1397లో మరణశిక్ష వేశాడు. సిచువాన్‌లోని యాఆన్ నుంచి కూలీలు వెదురు బుట్టల్లో వీపున మోసుకొచ్చిన, ఇటుకల్లా ఒత్తిన తేయాకును టిబెట్ దారిలోని కాంగ్‌డింగ్ పట్టణంలో జడలబర్రె తోళ్లలో కుట్టి, పశువులపై ముందుకు పంపేవారు.

సముద్రం మీద వెళ్లిన ఆకు కథ వేరు. ఓడల్లోని ఉప్పుగాలి సోకకుండా, లోపల సీసపు రేకు పరిచిన చెక్కపెట్టెల్లో దాన్ని నింపేవారు. ఆగ్నేయ చైనాలోని ఫూజియన్ తీరపు వర్తకులు పలికిన ‘తే’ డచ్చివారి ద్వారా ఐరోపాకు వెళ్లింది, నేలదారుల్లో ‘చా’ అన్న మాట ప్రయాణించింది. మన తేయాకులో మొదటిది, చాయ్‌లో రెండోది నేటికీ వినిపిస్తాయి.

ఇంత జాగ్రత్తకూ నైరుతి చైనాలోని యున్నాన్‌లో ఒక మినహాయింపు ఉంది. అక్కడి ప్యూఅర్ తేయాకు ఏళ్ల తరబడి నిల్వలో నెమ్మదిగా మారుతూ, వగరు తగ్గి మెత్తబడుతుంది. ఆ ఫలితాన్ని త్వరగా రాబట్టడానికి 1973లో కున్‌మింగ్ కర్మాగారంలో ఆకును కుప్పపోసి, నీళ్లు చల్లి, కొన్ని వారాల పాటు మగ్గబెట్టే పద్ధతిని రూపొందించారు. ఆస్పర్‌జిల్లస్ వంటి శిలీంధ్రాలు ఆ కుప్పలో పెరిగి ఆకును నల్లబరుస్తాయి. లూ యూ నిప్పులు పెట్టి తరిమిన తేమనే ఇక్కడ కొలిచి మరీ పోస్తారు.