26 డిగ్రీల నేల 33 డిగ్రీల మనిషిని ఎలా వెచ్చగా ఉంచుతుంది?

చలి ప్రాంతంలో ఇల్లు కట్టుకుంటున్న ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "గోడలకు అమర్చే వేడినీటి రేడియేటర్లకు బదులు నేల కింద వేడినీటి గొట్టాలు వేయించుకుందామనుకుంటున్నాము. కానీ నేల ఉష్ణోగ్రత 26 డిగ్రీలు దాటదని చెబుతున్నారు. మన చర్మం 33 డిగ్రీలుంటుంది కదా, మనకన్నా చల్లని నేల మనల్ని ఎలా వెచ్చబరుస్తుంది?" ఈ ప్రశ్న ఎంతో మంచిది. దీనికి జవాబు తెలిసినవారికి ఇటువంటి ఏర్పాటు తమ ఇంటికి తగునో కాదో తేల్చుకోవడం సగం పూర్తయినట్లే.

వస్తువులన్నీ, ఎంత చల్లనివైనా, పరారుణ కిరణాల రూపంలో ఎడతెగకుండా శక్తిని వెదజల్లుతూనే ఉంటాయి. ఎంత వెదజల్లుతాయన్నది వాటి పరమ ఉష్ణోగ్రత (మైనస్ 273 డిగ్రీలను సున్నాగా తీసుకుని లెక్కించేది) నాలుగవ ఘాతాన్ని బట్టి ఉంటుంది. ఇది స్టెఫాన్–బోల్ట్‌జ్‌మన్ నియమం. కనుక మన శరీరాన్ని జమాఖర్చుల పద్దుగా ఊహించుకోవచ్చు. 33 డిగ్రీల చర్మం చదరపు మీటరుకు సుమారు 497 వాట్లు వెదజల్లుతుంది, అది ఖర్చు. చుట్టూ ఉన్న గోడలూ నేలా 20 డిగ్రీల దగ్గర ఉంటే వాటి నుండి చదరపు మీటరుకు 418 వాట్లు వచ్చి చేరతాయి; అది జమ. మనకు తెలిసేది ఈ రెండు పెద్ద మొత్తాల తేడా మాత్రమే, అంటే 79 వాట్లు. అదే చర్మం 10 డిగ్రీల కిటికీ అద్దానికి ఎదురుగా ఉంటే జమ 364 వాట్లకు పడిపోయి, లోటు 133 వాట్లకు పెరుగుతుంది. గదిలో గాలి ఏమాత్రం మారకపోయినా కిటికీ వైపున్న భుజానికి చలి వేయడానికి కారణం ఇదే. కిటికీ నుండి "చలి రావడం" లేదు. అటు నుండి రావలసిన జమ తగ్గింది, అంతే.

ఇక నేలను 20 నుండి 26 డిగ్రీలకు పెంచండి. నేల వైపు నుండి వచ్చే జమ 453 వాట్లవుతుంది, ఆ దిక్కున లోటు 79 నుండి 44కు దిగుతుంది. నేల మనకు ఇచ్చేదానికన్నా మనం నేలకు ఇచ్చేది ఇప్పటికీ ఎక్కువే. అయినా చలి తగ్గింది, ఎందుకంటే ఒళ్ళు వెచ్చగా ఉండటానికి పద్దు లాభంలోకి రానక్కరలేదు. ఊరకే కూర్చున్న మనిషి శరీరంలో దాదాపు 100 వాట్ల వేడి పుడుతూనే ఉంటుంది. దాన్ని ఎక్కడో ఒకచోట ఖర్చు చేయక తప్పదు. ఒళ్ళంతటి మీది మొత్తం లోటు ఈ ఆదాయానికి సరిపోయేంత ఉంటే హాయి, మించితే చలి, చాలకపోతే ఉక్క. ఒంటి మీది బట్టలు చేసేదీ, గాలి వీచినప్పుడు జరిగేదీ, నేల వేడి చేసేదీ అన్నీ ఈ ఒక్క పద్దులో నమోదయ్యేవే. అందుకే నిశ్చలమైన గదిలో మనకు తోచే వెచ్చదనాన్ని లెక్కించేటప్పుడు ఇంజనీర్లు గాలి ఉష్ణోగ్రతను ఒక్కదాన్నే తీసుకోరు. దానికీ చుట్టుపక్కల ఉపరితలాల సగటు ఉష్ణోగ్రతకూ మధ్యస్థంగా ఉండే విలువను తీసుకుంటారు. ఉపరితలాలు ఒక డిగ్రీ వెచ్చబడితే గాలిని దాదాపు ఒక డిగ్రీ చల్లగా ఉంచినా హాయిలో తేడా రాదు.

బడిలో వికిరణం (వేడి కిరణాల రూపంలో ప్రయాణించడం) పాఠంలో సూర్యుడినీ, ఎర్రగా కాలిన ఇనుమునూ మాత్రమే చూపించి ఆపేయడం వల్ల, వెలుగుతూ కనబడనిదేదీ కిరణాలు పంపదనే అభిప్రాయం పిల్లలలో పాతుకుపోతుంది. గది గోడకూ తమ చేతికీ మధ్య ప్రతి క్షణం చదరపు మీటరుకు వందల వాట్ల చొప్పున ఇచ్చిపుచ్చుకోళ్ళు జరుగుతున్నాయని ఒక్కసారి లెక్క వేయించి చూపితే ఆ పాఠం జీవితాంతం గుర్తుంటుంది. మరికొందరు రేడియేషన్ అన్న పేరు విని నేల వేడికి భయపడతారు. ఆ నేల పంపే కిరణాల తరంగదైర్ఘ్యం 10 మైక్రాన్లకు అటూ ఇటూగా ఉంటుంది. పక్కన కూర్చున్న మనిషి శరీరం నుండి వచ్చేవీ అవే కిరణాలు, పైగా మరికొంచెం ఎక్కువగా.

"వేడి పైకే పోతుంది" అన్న నమ్మకం కూడా సగమే నిజం. పైకి పోయేది వేడెక్కిన గాలి, వేడెక్కిన నీరు. వేడి మాత్రం వికిరణంగా అన్ని దిక్కులకూ, ఘనపదార్థంలో వహనంగా చల్లని వైపు ఎటుంటే అటూ ప్రయాణిస్తుంది. గొట్టాల కింద ఇన్సులేషన్ పొర వేయకపోతే ఆ వేడిలో పెద్ద భాగం కింది మట్టిలోకి దిగిపోతుంది, దాన్ని వెనక్కు తెచ్చే మార్గం లేదు. కాబట్టి ఖర్చు తగ్గించుకోవాలనుకునేవారు ఆ పొర దగ్గర మాత్రం ఎంతమాత్రమూ తగ్గించకూడదు.

నేల గదికి ఎంత వేడి ఇవ్వగలదు? నేలకూ గదికీ మధ్య ప్రతి డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు సుమారు 10 నుండి 11 వాట్లు; అందులో సగానికి మించి వికిరణం, మిగిలింది గాలి ద్వారా జరిగే సంవహనం. పాదాలకు ఇబ్బంది కలగకుండా, మనుషులు మసిలే చోట నేల 29 డిగ్రీలు దాటకూడదని ఐరోపా ప్రమాణం ఈఎన్ 1264 చెబుతుంది. 20 డిగ్రీల గదిలో తేడా 9 డిగ్రీలు, కనుక గరిష్ఠంగా చదరపు మీటరుకు 100 వాట్లు. ఎంపికలో అసలు ప్రశ్న ఇదే: అత్యంత చల్లని రోజున మీ గది చదరపు మీటరుకు ఎన్ని వాట్లు పోగొట్టుకుంటుంది? గోడలకూ కిటికీలకూ మంచి ఇన్సులేషన్ ఉన్న కొత్త ఇంటిలో ఇది 50 వాట్ల లోపే ఉండవచ్చు. అప్పుడు 25 డిగ్రీల నేల చాలు. గాలి దూరే పాత ఇంటిలో 100 దాటితే నేల ఒక్కటే సరిపోదు, ముందు ఇంటినే బాగుచేయాలి.

తేడా ఇంత చిన్నది కావడం వల్ల ఒక అద్భుతమైన గుణం అబ్బుతుంది. 24 డిగ్రీల నేల, 20 డిగ్రీల గది అనుకోండి, తేడా 4. కిటికీలోంచి ఎండ పడి గది 22కు చేరితే తేడా 2 అవుతుంది, నేల ఇచ్చే వేడి ఏ థర్మోస్టాటూ తాకకుండానే సగానికి పడిపోతుంది. 60 డిగ్రీల రేడియేటర్‌కు అదే సందర్భంలో తేడా 40 నుండి 38కి మాత్రమే తగ్గుతుంది. అది ఎండను పట్టించుకోకుండా దాదాపు అంతే వేడిని ఇస్తూ పోతుంది.

దీనికి మరొక ముఖం నిదానం. గొట్టాలను కప్పే 6 సెంటీమీటర్ల కాంక్రీటు పొర చదరపు మీటరుకు 120 కిలోలు తూగుతుంది. ఒక డిగ్రీ పెరగడానికి దాదాపు 120 కిలోజౌళ్ళు మింగుతుంది. దాన్ని 5 డిగ్రీలు పెంచాలంటే, గొట్టాలు చదరపు మీటరుకు ఇచ్చే వేడి 60 వాట్లనుకుంటే, అదంతా గదికి ఏమీ పోకుండా దానిలోనే నిలిచినా, సుమారు 2 గంటల 45 నిమిషాలు పడుతుంది; గదికి పోయేది కూడా కలుపుకుంటే ఇంకా ఎక్కువ. అందుచేత వారాంతాల్లో మాత్రమే తెరిచే ఇంటికి ఈ ఏర్పాటును నేను సలహా ఇవ్వను. రోజూ మనుషులుండే ఇంట్లో దీన్ని పొద్దున ఆర్పి సాయంత్రం వెలిగించడం కన్నా ఒకే స్థాయిలో నడవనివ్వడం మేలు.

అయితే హీట్ పంప్ (బయటి వేడిని విద్యుత్తుతో లోపలికి తోడే యంత్రం) పెట్టుకునేవారికి దీన్ని మించినది నాకు తోచదు. బయట సున్నా డిగ్రీలున్నప్పుడు 35 డిగ్రీల నీటిని తయారుచేసే పంపు, ఒక యూనిట్ విద్యుత్తుకు సిద్ధాంతపరంగా 8.8 యూనిట్ల వేడి ఇవ్వగలదు. అదే పంపు రేడియేటర్లకోసం 55 డిగ్రీల నీరు తీయాలంటే ఆ పరిమితి 6కు దిగుతుంది. నిజమైన యంత్రాలు ఇందులో సగమో, అంతకన్నా తక్కువో సాధిస్తాయి, కానీ ఈ వరుస మారదు. నేలలో నీటి గొట్టాలకు బదులు విద్యుత్ తీగలు వేస్తే ఒక యూనిట్‌కు ఒక యూనిటే దక్కుతుంది. కనుక తీగలు చిన్న స్నానాల గదికి సరే, ఇల్లంతటికీ కాదు.

ఆ 35 డిగ్రీలు అలాగే నిలవాలంటే నేల పైపొరను చూసి ఎంచుకోవాలి. చదరపు మీటరుకు 60 వాట్లు పైకి రావాలంటే సెంటీమీటరు మందం గల టైల్‌లో కోల్పోయేది అర డిగ్రీ చిల్లర. ఒకటిన్నర సెంటీమీటర్ల ఓక్ చెక్కలో 5 డిగ్రీలకు పైన. మందపాటి తివాచీలో 9 డిగ్రీలు. కోల్పోయినంత మేరా నీటిని ముందే వేడి చేయాలి.

వేయించేటప్పుడు ప్రతి వలయమూ నేలలో ఎక్కడా అతుకు లేని ఒకే గొట్టంతో ఉండేలా చూడండి. కాంక్రీటు పోసేంతసేపూ గొట్టాలలో నీటిని పీడనంతో నింపి ఉంచితే, ఎక్కడైనా మేకు దిగితే పీడనమాపకం ముల్లు పడిపోయి వెంటనే తెలియజేస్తుంది. సిమెంటు పొరను 21 రోజులు ఆరనిచ్చిన తరువాతే మొదటిసారి వేడి నీరు పంపాలి; మూడు రోజులు 25 డిగ్రీల నీటితో నడిపి, ఆ పిదప నాలుగు రోజులు గరిష్ఠ ఉష్ణోగ్రత వద్ద ఉంచాలి. చెక్క నేల వేయదలచినవారు ఈ వేడి పూర్తయ్యాక కాంక్రీటులో తేమ ఎంత మిగిలిందో కొలిపించి, ఆ తరువాతే చెక్కలు తెప్పించుకోవాలి.