సీలింగ్ నుంచి దిగిన గుండ్రటి డబ్బా

అమీర్‌పేటలో పాత ఆఫీసు ఖాళీ చేస్తూ మా బాబాయి నాలుగు స్మోక్ డిటెక్టర్లు అట్టపెట్టెలో వేసుకొచ్చాడు. కింద "పాత ఇనప సామాన్లు కొంటాం" అని ఆటో మైకు మోగుతోంది. ఒకదాన్ని తిప్పి చూశాను. వెనక రేడియేషన్‌ని సూచించే మూడు రెక్కల గుర్తు, పక్కనే అమెరీషియం-241 అని ఉంది. అది రేడియోధార్మిక లోహం. పిన్నికి టెన్షన్ మొదలైంది: "ఇంట్లోకి అణుబాంబు తెచ్చారా?"

బాంబేమీ కాదు. లోపల ఉండే అమెరీషియం గ్రాములో పది లక్షల వంతు కూడా ఉండదు. దాని నుంచి వచ్చే ఆల్ఫా కణాల (ఒక రకం రేడియేషన్) వల్ల రెండు పలకల మధ్య గాలిలో సన్నటి కరెంటు పారుతుంది. పొగ దూరగానే కరెంటు పడిపోయి అలారం మోగుతుంది. ఆ కణాలు కాగితం అడ్డుపెట్టినా ఆగిపోతాయి కాబట్టి సీలింగ్‌కి ఉన్నన్నాళ్లూ భయం లేదు. (కాంతితో పొగను పట్టే రకాల్లో అసలు ఈ పదార్థమే ఉండదు.)

భయమంతా సుత్తితోనే. రేకు ఊడదీసి అమెరీషియం ఉన్న చిన్న బిళ్లను చితక్కొడితే ఆ పొడి ఊపిరితోనో, తిండితోనో లోపలికి పోతుంది. అక్కడ అడ్డుపెట్టడానికి కాగితం ఉండదు. బిళ్ల మీద బంగారు పూత ఉంటుందన్న ఆశ కూడా వద్దు, గోరుకి అంటేంత కూడా రాదు. పైగా అమెరీషియం సగానికి తగ్గడానికి 432 ఏళ్లు పడుతుంది. చార్మినార్ కట్టిన 1591లో దాచి ఉంటే ఇప్పటికి దాదాపు సగం మిగిలి ఉండేది.

అమెరికాలో ఇళ్లలోని ఇలాంటి డిటెక్టర్‌ను చాలాచోట్ల మామూలు చెత్తలోనే వేయనిస్తారు. మన దగ్గర రేడియోధార్మిక వ్యర్థాలు అణుశక్తి చట్టం కిందికి వస్తాయి. 2022 ఈ-వేస్ట్ నియమాలు వాటిని తమ పరిధిలోంచి తీసేశాయి. అంటే పాత ఫోన్లు తీసుకునేవాళ్లకి ఇచ్చినా తప్పే. తయారుచేసిన లేదా అమ్మిన కంపెనీకే తిరిగి పంపాలి. పైన అజమాయిషీ ముంబైలోని అణుశక్తి నియంత్రణ మండలిది.

ఇంత చిన్నదానికి ఇంత పట్టింపా అని నాకూ అనిపించింది. కానీ మన తుక్కు చేతులతోనే విడిపోతుంది. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలంలో అమ్మిన ఒక పాత పరికరం మాయాపురి తుక్కు మార్కెట్‌కి చేరింది. కోయగానే అందులోని రేడియోధార్మిక కోబాల్ట్-60 బయటపడి ఒక కార్మికుడు చనిపోయాడు. దాని బలం ముందు మా డబ్బాలు ఏ మూలకీ రావు. కానీ రెండూ పోయే దారి ఒకటే.

బాబాయి పాత బిల్లు వెతికి అమ్మినవాళ్లకి ఫోన్ చేశాడు. డిటెక్టర్లు విప్పకుండానే పెట్టెకి టేపు వేసి అటక మీద పెట్టాం. ఆటో అతనికి విరిగిన కుర్చీలు, వైర్లు ఇచ్చి పంపాం.